మొదటి టెలిస్కోప్ కొనేముందు దాని కాళ్లు చూడండి

శని వలయాలు కనిపించడానికి 30 రెట్ల మాగ్నిఫికేషన్ సరిపోతుంది. 70 మిల్లీమీటర్ల లెన్సున్న చిన్న టెలిస్కోప్ ఆ పని హాయిగా చేస్తుంది. అయినా అలాంటిది కొన్నవాళ్లలో చాలామంది శనిని ఒక్కసారైనా తీరిగ్గా చూడకుండానే దాన్ని అటకెక్కిస్తారు. తప్పు లెన్సుది కావడం అరుదు. దాన్ని మోస్తున్న స్టాండు ఊగుతోంది. ఫోకస్ సరిచేద్దామని వేలు తగిలించగానే గ్రహం ఐపీస్‌లో, అంటే కన్ను పెట్టి చూసే చిన్న లెన్సులో, గంతులు వేస్తుంది. ఆ గంతులు ఆగేలోపు భూమి తిరుగుడుకి పక్కకి జారి కనుమరుగవుతుంది. వెతికి పట్టుకునేసరికి మళ్లీ ఫోకస్ ముట్టుకోవాలి, మళ్లీ గంతులు. పావుగంటకి ఎవరి ఓపికైనా అయిపోతుంది.

ట్రైపాడ్ కాళ్లు, వాటి మీద గొట్టాన్ని పట్టుకుని తిప్పే తలభాగం, ఈ రెండూ కలిస్తే మౌంట్. కొనేవాళ్ల చూపు సహజంగా గొట్టం మీద, దాని మీద రాసిన అంకెల మీద ఉంటుంది. మౌంట్‌ని దానితోపాటు వచ్చే సామాను కింద లెక్కేస్తారు. ఈ వరసని తిరగేయాలి. ఎక్కడ పెట్టి చూస్తారు, ఎంత బరువు మోసుకెళ్లగలరు, ఎలాంటి మౌంట్ మీ చేతికి లొంగుతుంది అన్నవి ముందు తేల్చుకుని, ఆ మౌంట్ కదలకుండా నిలపగలిగిన గొట్టాన్నే ఎంచుకోవాలి. పెద్ద గొట్టం, బలహీనమైన మౌంట్ ఉన్న జోడీ కంటే చిన్న గొట్టం, గట్టి మౌంట్ ఉన్న జోడీ ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది.

ఊగడానికి ఉన్న లెక్క

ఆకాశంలో కోణాలని డిగ్రీల్లో, డిగ్రీలో 60వ వంతైన ఆర్క్‌మినిట్లలో, అందులో మళ్లీ 60వ వంతైన ఆర్క్‌సెకన్లలో కొలుస్తారు. నిండు చంద్రుడి వెడల్పు సుమారు 30 ఆర్క్‌మినిట్లు. గురుడు మనకి బాగా దగ్గరగా ఉన్నప్పుడు కూడా 50 ఆర్క్‌సెకన్లే. ఇప్పుడు మీటరు పొడవు గొట్టంలో ఒక కొస నిలిచి ఉండగా రెండో కొస 0.3 మిల్లీమీటరు కదిలిందనుకోండి. అది ఒక ఆర్క్‌మినిట్, అంటే గురుడి బింబం కంటే ఎక్కువ. బయటినుంచి చూసేవాళ్లకి గొట్టం కదిలిన సంగతే తెలియదు. ఐపీస్‌లో మాత్రం గ్రహం తన వెడల్పుని మించి అటూ ఇటూ ఊగుతుంది. మాగ్నిఫికేషన్ పెంచితే ఆ ఊపు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.

దీనికి భూభ్రమణం తోడవుతుంది. ఆకాశం గంటకి 15 డిగ్రీలు, అంటే సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. 50 డిగ్రీల చూపు వెడల్పున్న మామూలు ఐపీస్‌తో 100 రెట్లు పెంచి చూస్తే కనిపించే ఆకాశం అర డిగ్రీ. ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) దగ్గర్లో ఉన్న గ్రహం ఆ అర డిగ్రీని రెండు నిమిషాల్లో దాటుతుంది. 200 రెట్ల దగ్గర ఒక్క నిమిషంలోనే. కాబట్టి గొట్టాన్ని పదే పదే జరుపుతూ ఉండాలి. జరిపిన ప్రతిసారీ ఊపు ఆగడానికి ఆరేడు సెకన్లు పడితే, చూడటానికి మిగిలే సమయంలో పెద్ద ముక్క అక్కడే పోతుంది. గురుడి మీది పట్టీలు, శని వలయాల్లోని నల్లటి కాసినీ ఖాళీ లాంటి సన్నని వివరాలు గాలి నిమ్మళించిన ఒకటి రెండు సెకన్లలోనే మెరిసి పోతాయి. ఆ క్షణంలో గొట్టం కదులుతూ ఉంటే అవి లేనట్టే.

పరీక్ష సులువు. ఏదైనా నక్షత్రాన్ని గానీ, పగలైతే దూరంగా ఉన్న స్తంభం కొసని గానీ 60 నుంచి 100 రెట్ల మధ్య ఫోకస్ చేసి, గొట్టం చివర వేలితో మెల్లగా తట్టండి. ఊపు ఒకటి రెండు సెకన్లలో ఆగితే మంచి మౌంట్. మూడు సెకన్లయితే సర్దుకుపోవచ్చు. అయిదు దాటితే ఆ జోడీని కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే కొంతవరకు బాగుచేసుకునే దారులున్నాయి: ట్రైపాడ్ కాళ్లని పూర్తిగా సాగదీయకుండా పొట్టిగా ఉంచి కూర్చుని చూడటం, కాళ్ల మధ్య ఉండే పళ్లెం కింద మూడు నాలుగు కిలోల ఇసుక సంచి వేలాడదీయడం, కాళ్లు తలభాగాన్ని కలిసే చోట నట్లు బిగించడం, చెక్క నేల వదిలి మట్టి మీదో గట్టి గచ్చు మీదో పెట్టడం. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది కాళ్లు కుదించడం. సన్నటి అల్యూమినియం రేకు కాళ్ల కంటే 40 మిల్లీమీటర్ల లావు గుండ్రటి స్టీలు గొట్టాల కాళ్లు ఎంతో నయం. ఫొటోలో రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టి వివరాల్లో కాళ్ల మందం ఇచ్చారో లేదో వెతకండి.

మౌంట్లలో రకాలు

అన్నిటికంటే సులువుగా అర్థమయ్యేది ఆల్ట్-అజిమత్. పైకీ కిందికీ ఒక అక్షం, పక్కలకి ఒక అక్షం. ఇందులో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. గొట్టాన్ని రెండు కొమ్ముల మధ్య పెట్టి పక్కన ఒక మరతో బిగించే చౌక రకం మొండికేస్తుంది: బిగిస్తే కదలదు, వదులు చేస్తే జారిపోతుంది, గురిపెట్టి చెయ్యి తీయగానే ముక్కు కాస్త కిందికి వంగుతుంది. దీనికి బదులు రెండు అక్షాలకీ స్లో మోషన్ పిడులున్న మౌంట్ తీసుకోవాలి. పిడి తిప్పితే పళ్లచక్రం గొట్టాన్ని వెంట్రుకవాసి చొప్పున జరుపుతుంది. 90 మిల్లీమీటర్ల దాకా ఉన్న లెన్స్ టెలిస్కోపులకీ, మాక్సుటోవ్ అనే పొట్టి గొట్టం టెలిస్కోపులకీ ఇది చక్కగా సరిపోతుంది.

రెండోది డాబ్సోనియన్. సూత్రం ఆల్ట్-అజిమత్‌దే, కట్టుబడి వేరు. శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దారినపోయేవాళ్లకి గ్రహాలు చూపించిన జాన్ డాబ్సన్ ఈ పద్ధతిని 1960ల నుంచి ప్రాచుర్యంలోకి తెచ్చారు. ట్రైపాడ్ ఉండదు. నేలమీద ఒక పెట్టె, అందులో గొట్టం. టెఫ్లాన్ ముక్కల మీద నున్నటి లామినేట్ జారుతుంది. చేత్తో తోస్తే కదులుతుంది, వదిలితే ఉన్నచోటే నిలుస్తుంది. బరువంతా నేలకి దగ్గరగా ఉండటంతో ఊపు దాదాపు ఉండదు. పళ్లచక్రాలు, కాళ్ల ఖర్చు తప్పిపోవడంతో పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం కాంతిని పోగుచేసే అద్దానికే వెళుతుంది. కంటితో ఆకాశం చూడాలనుకునే కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి మౌంట్ లేదని గట్టిగా చెప్పవచ్చు.

దీనికీ ఇబ్బందులున్నాయి. సరిగ్గా నడినెత్తి మీదున్న వస్తువుని వెంటాడటం కష్టం, ఎందుకంటే అక్కడ కొద్దిపాటి కదలికకి కూడా పెట్టె మొత్తాన్ని చాలా తిప్పాలి. గంట ఆగితే ఆ వస్తువు 15 డిగ్రీలు పక్కకి వస్తుంది, అప్పుడు చూడవచ్చు. బరువైన ఐపీస్ పెడితే ముక్కు కిందికి వాలుతుంది. గొట్టం స్టీలుదైతే వెనక కొసన అయస్కాంతాలు అతికించి తూకం సరిచేస్తారు. అన్నిటినీ మించినది బరువు. 200 మిల్లీమీటర్ల అద్దమున్న డాబ్సోనియన్ గొట్టం సుమారు 1.2 మీటర్ల పొడవు, పెట్టెతో కలిపి 20 కిలోలకి అటూ ఇటూ. రెండు విడతల్లో మోసుకెళ్లవచ్చు గానీ లిఫ్టు లేని నాలుగో అంతస్తు నుంచి రోజూ దింపడం అయ్యే పని కాదు. బల్లమీద పెట్టే చిన్న డాబ్సోనియన్లు ఆరేడు కిలోలే. వాటికి బల్ల గట్టిదై ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ మీద పెడితే ఊపు సమస్య మళ్లీ మొదటికొస్తుంది. మూడు కాళ్ల చెక్క స్టూలు ఎగుడుదిగుడు నేలమీద కూడా కిటకిటలాడకుండా కూర్చుంటుంది.

మూడోది ఈక్వటోరియల్. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే, ఎందుకంటే చూడగానే అసలైన పరికరం ఇదే అనిపిస్తుంది. దీనిలో ఒక అక్షాన్ని భూమి అక్షానికి సమాంతరంగా వంచి పెడతారు. అలా పెట్టాక ఆ ఒక్క పిడినే నెమ్మదిగా తిప్పితే, లేదా దానికి మోటారు తగిలిస్తే, నక్షత్రం ఐపీస్ మధ్యలోనే ఉండిపోతుంది. అందుకు ముందు చేయాల్సిన పని ఉంది. మీ ఊరి అక్షాంశాన్ని మౌంట్ స్కేలు మీద పెట్టాలి. ఉత్తరార్ధగోళంలో అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు తిప్పాలి. ధ్రువుడు అసలు ధ్రువబిందువుకి సుమారు 0.6 డిగ్రీల దూరంలోనే ఉన్నాడు కాబట్టి కంటితో చూడటానికి ఆ మాత్రం గురి చాలు. తర్వాత గొట్టాన్ని పక్కకి వాల్చి, ఎదురుబరువుని కడ్డీ మీద జరుపుతూ మొదటి అక్షం తూకం సరిచూడాలి. ఆపైన గొట్టాన్ని రింగుల్లో ముందుకీ వెనక్కీ జరిపి రెండో అక్షం తూకం. ఈ తూకాలు కుదరకపోతే పళ్లచక్రాలు ఒకవైపే ఒత్తుకుని కదలిక కుదుపులతో వస్తుంది.

భూమధ్యరేఖకి దగ్గరున్న ప్రాంతాల్లో ఇంకో చిక్కుంది. ధ్రువుడు దిగంతానికి బాగా దగ్గరగా ఉంటాడు, చెట్ల వెనకో ఇళ్ల వెనకో దాక్కుంటాడు. అక్షం దాదాపు పడుకున్నట్టు వంగాలి. చిన్న మౌంట్లలో కొన్ని అంత కిందికి దిగవు, దిగినా ఎదురుబరువు ట్రైపాడ్ కాలికి తగులుతుంది. మౌంట్ ఏ అక్షాంశం నుంచి ఏ అక్షాంశం వరకు పనిచేస్తుందో వివరాల్లో చూడకుండా తీసుకోవద్దు. ఇక ఈక్వటోరియల్ మీద అద్దాల టెలిస్కోప్ ఉంటే, దిశ మారిన ప్రతిసారీ ఐపీస్ గొట్టం కిందికో అవతలి పక్కకో వెళ్లిపోతుంది. రింగులు వదులు చేసి గొట్టాన్ని తిప్పాలి, అప్పుడు తూకం మళ్లీ తప్పుతుంది.

వీటన్నిటితో వేగడానికి సిద్ధమైనా, ఈక్యూ1, ఈక్యూ2 పేర్లతో వచ్చే చిన్న మౌంట్ల మీద 114 లేదా 130 మిల్లీమీటర్ల అద్దమున్న పొడవాటి గొట్టం పెట్టి అమ్మే జోడీలని మాత్రం వదిలేయండి. ఆ మౌంట్ గొట్టాన్ని మోస్తుంది గానీ నిలపలేదు. అసలైన నిలకడ ఈక్యూ3, ఈక్యూ5 తరగతి నుంచి మొదలవుతుంది. అవి బరువూ ఎక్కువ, ఖరీదూ ఎక్కువ.

మోటార్లు, కంప్యూటరు ఉన్న గోటూ మౌంట్ రెండు మూడు నక్షత్రాలు చూపిస్తే మిగతావాటిని తానే వెతికి పెడుతుంది. నగర కాంతిలో నక్షత్రాలే సరిగా కనిపించని వాళ్లకి ఇది నిజంగా పనికొస్తుంది. కానీ అదే డబ్బుకి వచ్చే అద్దం బాగా చిన్నదవుతుంది. గోటూ సరిగా గురిపెట్టట్లేదంటే కారణం ఎక్కువసార్లు మూడింటిలో ఒకటి: తేదీని నెల-రోజు-సంవత్సరం వరసలో అడుగుతుంటే రోజు ముందు కొట్టడం, టైమ్ జోన్ ముందు ప్లస్, మైనస్ గుర్తు తప్పుగా పెట్టడం, చిన్న బ్యాటరీలు అలిసిపోయి మోటార్లు వేగంగా తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోవడం. 12 వోల్టుల పవర్ ట్యాంకు, అంటే పెద్ద బ్యాటరీ, ఉంటే మూడోది పోతుంది. మధ్యేమార్గం ఒకటుంది. గొట్టాన్ని చేత్తోనే తోస్తాం, ఫోన్ కెమెరా నక్షత్రాలని ఫొటో తీసి ఎటు తోయాలో బాణం గుర్తుతో చెబుతుంది. మౌంట్‌లో మోటార్లు ఉండవు కాబట్టి చెడిపోయేవీ తక్కువే.

గొట్టం మీది అంకెలు

రెండు అంకెలు చాలు. 130/650 అని ఉంటే 130 అపెర్చర్, అంటే అద్దం లేదా లెన్సు వెడల్పు మిల్లీమీటర్లలో. 650 ఫోకల్ లెంత్, బడి పుస్తకాల్లో నాభ్యంతరం అని చదువుకున్నదే. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎఫ్ నిష్పత్తి వస్తుంది, ఇక్కడ ఎఫ్/5.

పోగయ్యే వెలుగు అపెర్చర్ వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 70తో పోలిస్తే 130 అద్దం దాదాపు మూడున్నర రెట్లు వెలుగు పడుతుంది. 130తో పోలిస్తే 200 అద్దం 2.4 రెట్లు. వివరాన్ని విడదీసే శక్తి కూడా అపెర్చర్‌దే: 116ని మిల్లీమీటర్ల అపెర్చర్‌తో భాగిస్తే ఎన్ని ఆర్క్‌సెకన్ల ఎడమున్న జంట నక్షత్రాలని విడిగా చూపగలదో తెలుస్తుంది. 70కి అది 1.7, 130కి 0.9.

మాగ్నిఫికేషన్ అంటే టెలిస్కోప్ ఫోకల్ లెంత్‌ని ఐపీస్ ఫోకల్ లెంత్‌తో భాగించడం. 650కి 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 26 రెట్లు, 10 పెడితే 65. ఇది ఐపీస్ మార్చితే మారిపోయే అంకె, టెలిస్కోప్ గుణం కాదు. పనికొచ్చే గరిష్ఠం అపెర్చర్ మిల్లీమీటర్లకి సుమారు రెట్టింపు. పెట్టె మీద ‘525 రెట్లు’ అని రాసిన 76/700 టెలిస్కోప్ సంగతి చూడండి: 700ని 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో భాగిస్తే 175, దానికి మాగ్నిఫికేషన్‌ని పెంచే 3 రెట్ల బార్లో లెన్సు తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు. అయితే ఆ అద్దం భరించగలిగింది 150. ఆ పైన వచ్చేది మసక బారిన, వెలుగు చచ్చిన ఒక పెద్ద మరక. అద్దం ఎంత పెద్దదైనా, గాలిలోని అలజడి వల్ల చాలా రాత్రులు 200 రెట్లు దాటితే లాభం ఉండదు. మాగ్నిఫికేషన్‌ని పెద్ద అక్షరాలతో అచ్చేసిన పెట్టెని అక్కడే పెట్టేసి రావచ్చు.

లెన్సు టెలిస్కోప్ (రిఫ్రాక్టర్) పెట్టెలోంచి తీసి వెంటనే వాడవచ్చు, సర్దుబాట్లు ఉండవు. దాని జబ్బు రంగు అంచులు. రెండు గాజుల మామూలు లెన్సు అన్ని రంగులనీ ఒకేచోట చేర్చలేదు కాబట్టి చంద్రుడి అంచు చుట్టూ, వెలుగున్న గ్రహాల చుట్టూ ఊదారంగు కనిపిస్తుంది. 70/700, 90/900 లాంటి ఎఫ్/10 గొట్టాల్లో ఇది స్వల్పం. 100 మిల్లీమీటర్ల ఎఫ్/5 పొట్టి గొట్టంలో గ్రహాలని 100 రెట్లు చూడబోతే చికాకు పెడుతుంది. అలాంటివి తక్కువ మాగ్నిఫికేషన్‌లో నక్షత్ర గుంపులు చూడటానికి చేసినవి.

మాక్సుటోవ్‌లో కాంతి పొట్టి గొట్టంలోనే ముందుకీ వెనక్కీ మడతపడుతుంది. చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలకి చాలా బాగుంటుంది. ఫోకల్ లెంత్ పొడుగు కాబట్టి ఆకాశం చిన్న ముక్కగా కనిపిస్తుంది. 102/1300 మాక్సుటోవ్‌కి 32 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టినా 40 రెట్లు, చూపు వెడల్పు డిగ్రీ పావు. కృత్తికలు రెండు డిగ్రీల దాకా పరుచుకుని ఉంటాయి, ఒక్క చూపులో పట్టవు. ముందున్న గాజు మీద తేమ పేరుకుంటుంది కాబట్టి నల్ల ఫోమ్ షీటుతో గొట్టం పొడవునా ముందుకి ఒక తొడుగు చేసి పెట్టడం తప్పనిసరి.

అద్దాల న్యూటోనియన్ (డాబ్సోనియన్ పెట్టెలో ఉండే గొట్టం ఇదే) ఇచ్చే అపెర్చర్ అదే డబ్బుకి ఇంకేదీ ఇవ్వలేదు. రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది అద్దం ఆకారం. ఎఫ్/8, అంతకంటే పొడుగు నిష్పత్తి ఉన్న చిన్న అద్దం గోళాకారమైనా నష్టం లేదు. ఎఫ్/5 అద్దం మాత్రం పారాబోలిక్, అంటే పరావలయ ఆకారంలో ఉండి తీరాలి. లేకపోతే అంచుల నుంచి వచ్చే కిరణాలు వేరేచోట కలిసి, ఎంత తిప్పినా ఫోకస్ పదునెక్కదు. 76/300 గోళాకార అద్దాల బుల్లి టెలిస్కోపులు 50 రెట్లు దాటగానే మెత్తబడేది ఇందుకే.

రెండోది బర్డ్-జోన్స్ అనే రకం. గొట్టం అర మీటరే ఉంటుంది, ఫోకల్ లెంత్ మాత్రం 1000 అని రాసి ఉంటుంది. 114/1000, 127/1000 ఎక్కువగా ఇవే. మామూలు న్యూటోనియన్‌లో గొట్టం పొడవు ఫోకల్ లెంత్‌కి దగ్గరగా ఉండాలి. ఇక్కడ గోళాకార అద్దం పెట్టి, ఫోకసర్ (ఐపీస్‌ని పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపే భాగం) లోపల ఒక లెన్సుతో ఫోకల్ లెంత్ సాగదీసి లోపాన్ని సరిచేయాలని చూస్తారు. చౌక పరికరాల్లో ఆ లెన్సు నాసిరకం. పైగా దాన్ని తీయకుండా అద్దాలు సరిచేయడం కొత్తవాళ్ల వల్ల కాదు. గొట్టం పొడవు ఫోకల్ లెంత్‌లో సగమే ఉన్న అద్దాల టెలిస్కోప్ ముందు వైపు లెన్సు లేకుండా కనిపిస్తే దాని జోలికి పోవద్దు.

ఏ జోడీ ఎవరికి

నేలమట్టంలో ఇల్లు, లేదా కారులో వేసుకుని చీకటి ప్రదేశానికి వెళ్లే వీలు ఉంటే 150/1200 గానీ 200/1200 గానీ డాబ్సోనియన్. 150 ఎఫ్/8 కాబట్టి అద్దాల సర్దుబాటు కాస్త తప్పినా ఓర్చుకుంటుంది, చౌక ఐపీసులతో కూడా బాగుంటుంది. 200 వెలుగు ఎక్కువ పడుతుంది గానీ రెండు చేతులనిండా బరువు. మెట్లు ఎక్కి డాబా మీదికి వెళ్లాలంటే 130/650 బల్లమీది డాబ్సోనియన్ చాలా మంచి బేరం. గొట్టం సగం తెరిచి ఉండే రకమైతే పక్క వెలుతురు లోపలికి రాకుండా నల్ల చార్టు చుట్టండి. ఫోకసర్ మర వదులుగా ఉంటే ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుడితే బిగుసుకుంటుంది. బాల్కనీ నుంచి చంద్రుణ్నీ గ్రహాలనీ చూడటమే ప్రధానమైతే స్లో మోషన్ ఆల్ట్-అజిమత్ మీద 90 లేదా 102 మాక్సుటోవ్, లేదా 80–90 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్. ఇవేవీ కుదరకపోతే 10x50 బైనాక్యులర్, అంటే 10 రెట్లు, 50 మిల్లీమీటర్ల లెన్సులు. ఊగే స్టాండు మీది టెలిస్కోప్ కంటే అది మేలు, తర్వాత ఏ టెలిస్కోప్ కొన్నా పక్కన పనికొస్తూనే ఉంటుంది.

ఫొటోలు తీయాలన్నది మొదటి కోరికైతే ఈ సలహాలన్నీ మారిపోతాయి. చంద్రుణ్ని ఫోన్‌తో ఏ టెలిస్కోప్‌లోనైనా తీయవచ్చు. నెబ్యులాలకి, అంటే ఆకాశంలోని వాయు మేఘాలకి, నిమిషాల తరబడి కాంతి పోగుచేయాలి, దానికి గట్టి ఈక్వటోరియల్ మౌంట్ కావాలి. దాని మీద వేసే బరువు మౌంట్ సామర్థ్యంలో సగం దాటకూడదు. చూడటానికీ ఫొటోలకీ ఒకే చౌక పరికరం కొంటే రెండూ సరిగా జరగవు.

కళ్లకి ఏం కనిపిస్తుందో ముందే తెలిసి ఉండటం మంచిది. చంద్రుడి మీది గుంతలు, గురుడి నాలుగు పెద్ద చందమామలు, శని వలయాలు 70 మిల్లీమీటర్లలోనే అబ్బురపరుస్తాయి. సప్తర్షి మండలంలో అరుంధతిని కంటితోనే చూస్తాం. టెలిస్కోప్‌లో వశిష్ఠుడే రెండు నక్షత్రాలుగా విడిపోతాడు, ఎడం 14 ఆర్క్‌సెకన్లు. గెలాక్సీలు, నెబ్యులాలు మాత్రం బూడిదరంగు పొగలాగే ఉంటాయి, ఎందుకంటే మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలకి రంగు తెలియదు. నేరుగా కాకుండా కాస్త పక్కకి చూస్తే అవి ఇంకా స్పష్టమవుతాయి. కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెర చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. గెలాక్సీల విషయంలో నగరంలోని 200 మిల్లీమీటర్ల కంటే చీకటి పల్లెలోని 100 మిల్లీమీటర్లే గెలుస్తుంది.

మొదటి రోజు పనులు

గురి చూసుకోవడానికి గొట్టం మీద బిగించే చిన్న పరికరం ఫైండర్. దాన్ని పగలే సరిచేయాలి. అర కిలోమీటరు దూరంలోని టవరు కొసని తక్కువ మాగ్నిఫికేషన్ ఐపీస్ మధ్యలోకి తెచ్చి, తర్వాత ఫైండర్ మరలు తిప్పి దాని చుక్క అదే కొస మీద పడేలా చేయండి. ఇది చేయకుండా చీకటిపడ్డాక మొదలుపెట్టినవాళ్లకి చంద్రుడు కూడా దొరకడు. సూర్యుడి వైపు గొట్టాన్ని ఏ పరిస్థితిలోనూ తిప్పకండి. సూర్యుణ్ని చూడాలంటే గొట్టం ముందు వైపు మొత్తాన్నీ కప్పే, ఆ పనికే చేసిన సోలార్ ఫిల్టర్ ఉండాలి, ఫైండర్‌కి మూత ఉండాలి. ఐపీస్‌కి బిగించే చిన్న సోలార్ ఫిల్టర్ కిట్‌లో వస్తే పగలగొట్టి పారేయండి. వేడికి అది పగిలిన క్షణంలో కన్ను పోతుంది.

ముందు మూత పూర్తిగా తీశారో లేదో చూసుకోండి. చాలా మూతలకి మధ్యలో చిన్న మూత ఉంటుంది. అది ఒక్కటే తీసి, 130 అద్దాన్ని 40గా మార్చుకుని, అంతా మసగ్గా ఉందని బాధపడేవాళ్లు ఎక్కువ. ఎప్పుడూ 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తోనే మొదలుపెట్టాలి, బార్లో తీసి పక్కన పెట్టాలి. నక్షత్రం మధ్యలో నల్ల చుక్కున్న వడలా కనిపిస్తే అది ఫోకస్‌లో లేదని అర్థం, చిన్న చుక్క అయ్యేదాకా తిప్పండి. బొమ్మ తలకిందులుగా ఉండటం లోపం కాదు. పెద్ద అద్దాలు బయటి గాలి వేడికి సర్దుకోవాలి: 130కి అరగంట, 200కి గంట దాకా. అప్పటివరకు గ్రహం నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతుంది. ఎండకి కాగిన డాబా గచ్చు, పక్కింటి కప్పు మీదుగా చూసినా అంతే. మూసిన కిటికీ అద్దం వెనకనుంచి అసలు పనికిరాదు.

న్యూటోనియన్‌కి కాలిమేషన్, అంటే రెండు అద్దాలనీ ఒకే వరసలోకి తేవడం, నేర్చుకోక తప్పదు. ఐపీస్ తీసి, సరిగ్గా మధ్యలో సన్న రంధ్రం ఉన్న మూతని ఫోకసర్‌కి పెట్టి చూడండి. ముందు చిన్న అద్దం మూడు మరలతో పెద్ద అద్దం మొత్తం కనిపించేలా సర్దాలి. తర్వాత గొట్టం వెనక మరలతో, పెద్ద అద్దం మధ్యన ఉన్న గుర్తు మూత రంధ్రం ప్రతిబింబంతో కలిసేలా తిప్పాలి. ఒక్కో మరని పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పొద్దు. చౌక లేజరు పరికరం కొంటే దాని గురే తప్పి ఉండవచ్చు. ఫోకసర్‌లో దాన్ని గుండ్రంగా తిప్పినప్పుడు అద్దం మీది ఎర్ర చుక్క కూడా గుండ్రంగా తిరిగితే ఆ లేజరుని నమ్మకండి.

ఐపీసులు తొందరపడి పెట్టెడు కొనొద్దు. కిట్‌లోని 25 చాలాకాలం పనిచేస్తుంది, నాసిరకంగా ఉండేది 10. మొదట కొనదగ్గది గ్రహాల కోసం 130–200 రెట్ల మధ్య వచ్చేది: 1200 ఫోకల్ లెంత్‌కి 6 నుంచి 9 మిల్లీమీటర్ల మధ్య, 650కి 5. చిన్న ఫోకల్ లెంత్ ఉన్న ప్లోసెల్ అనే మామూలు రకం ఐపీసుల్లో కన్ను గాజుకి దాదాపు ఆనాలి. ఆస్టిగ్మాటిజం వల్ల కళ్లద్దాలు పెట్టుకునే చూడాల్సినవాళ్లు 15 మిల్లీమీటర్లకి తక్కువ కాని ఐ రిలీఫ్ (గాజుకి ఎంత దూరంలో కన్ను పెట్టి చూడవచ్చో ఆ దూరం) ఉన్నవి ఎంచుకోవాలి. దూరదృష్టి, హ్రస్వదృష్టి మాత్రమే అయితే కళ్లద్దాలు తీసేసి ఫోకస్‌తో సరిపెట్టుకోవచ్చు.

పాతది కొంటుంటే అద్దం మీది దుమ్ము చూసి బెదరకండి. పలచటి దుమ్ము బొమ్మని పాడుచేయదు, తుడవబోతేనే గీతలు పడతాయి. చూడాల్సినవి వేరే: టార్చి వేసినప్పుడు లెన్సు లోపల సాలెగూడులా పాకిన బూజు, అద్దం అంచుల్లో అల్యూమినియం పూత లేచిపోవడం, ఫోకసర్ పట్టుకుని ఊపితే వదులుగా కదలడం, పిడులు తిప్పినప్పుడు గొట్టం కదిలేముందు వచ్చే పెద్ద ఖాళీ కదలిక. ఫోకసర్ రంధ్రం 1.25 అంగుళాలు ఉండాలి. పాతకాలపు 0.965 అంగుళాలదైతే మంచి ఐపీసులు దానికి పట్టవు, కాబట్టి ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు. ఇవన్నీ సరిగ్గా ఉంటే చివరగా గొట్టం కొసని వేలితో తట్టి సెకన్లు లెక్కపెట్టండి.